నాలోకి ఉమ్మిన తీర్పులు

నేను ఒక తమ్మపడిగని. ఆ మాట వినగానే బోధపడేవాళ్ళు ఇప్పుడు దేశం మొత్తమ్మీద ఏడెనిమిది మంది మిగిలి ఉంటారు, వాళ్ళలో సగం మందికి చెవుడు. అందుకని విడమరిచి చెబుతాను. తాంబూలం నమిలేవాళ్ళు ఉమ్మడానికి పక్కన పెట్టుకునే ఇత్తడి పాత్రని నేను. మూతి వెడల్పు, నడుము సన్నం. దూరం నుంచి చూస్తే పూలకుండీలా కనిపిస్తాను. దగ్గరికొచ్చి లోపలికి చూసినవాళ్ళు రెండోసారి దగ్గరికి రారు.

పెంబర్తిలో పుట్టాను. నన్ను కొట్టిన పనివాడు నా మెడ చుట్టూ తామరపూల తీగ చెక్కాడు. ఉమ్మే పాత్రకి అంత నగిషీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మనుషులు ముందు ఆ పూలని చూసి ముచ్చటపడతారు, తర్వాత సరిగ్గా వాటి మధ్యలోకి ఉమ్ముతారు.

మొదట నన్ను కొన్నది సుల్తాన్ బజార్లో నరహరిరావు అనే వకీలు. ఆయన నోట్లో కిళ్ళీ లేని క్షణం ఆయన పుట్టిన రోజున మాత్రమే ఉందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. క్లయింటు ఎదురుగా కూర్చున్నంతసేపూ "మీ కేసు ఉక్కండీ, ఉక్కు" అనేవాడు. క్లయింటు గుమ్మం దిగగానే నాలోకి తుపుక్కున ఉమ్మి, "పోయింది కేసు" అనేవాడు. మనుషుల గురించి నాకు తెలిసిందంతా ఆ గదిలోనే తెలిసింది. వాళ్ళ నోట్లోంచి మాటగా వచ్చేది ఒకటి, ఉమ్ముగా వచ్చేది ఇంకొకటి. ఆ రెండోదానికి అబద్ధమాడడం చేతకాదు.

వకీలుగారి పళ్ళన్నీ ఊడిపోయాక నా ఉద్యోగం పోయింది. పాతసామాన్ల దుకాణంలో ఒక విరిగిన వీణకీ, ముల్లు తిరగని గోడగడియారానికీ మధ్య చాలాకాలం కూర్చున్నాను. అక్కణ్ణించి నన్ను కొనుక్కుపోయింది సాంసన్‌గారు. లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న ఒక చిన్న చర్చికి ఆయన కమిటీ సెక్రటరీ. నన్ను పూలకుండీ అనుకుని కొన్నాడు. చర్చి హాలు వేదిక మీద లిల్లీ పూలతో నిలబెట్టాడు. ఎన్నో పెళ్ళి ఫోటోల్లో వధూవరుల మధ్య నేనున్నాను. తమ మధ్య నిలబడింది ఏ జాతి పాత్రో ఆ దంపతులకి ఈనాటికీ తెలియదు. కాపురాలు బాగానే సాగుతున్నాయి కాబట్టి నేనూ బయటపెట్టలేదు.

ఆ క్వార్టర్లలో క్రిస్మస్ వస్తోందంటే ఇంటింటా జాడీల్లో ద్రాక్ష వైను తయారవుతుంది. నల్లద్రాక్ష నలిపి, చక్కెర, కొంచెం ఈస్టు, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క వేసి, గుడ్డ వాసెన కట్టి, రోజూ కొయ్యగరిటెతో కలుపుతారు. పొంగు చల్లారాక వడకట్టి, మూత బిగించి, పండగదాకా ముట్టుకోకుండా ఉంచుతారు. చర్చి హాల్లో దానికో పోటీ. ఎవరిది బాగుందో తేల్చడానికి జడ్జీలు. ఆ జడ్జీల్లో నార్మన్ అనే కుర్రాడు ఉండేవాడు. ఆసుపత్రి ల్యాబులో పని, బెంగుళూరులో ఎక్కడో వైను తయారీ నేర్చుకుని వచ్చాడు. పోటీకి పద్ధతులు పెట్టింది అతనే. గ్లాసులకి పేర్లుండవు, అంకెలే. రంగుకి ఇన్ని మార్కులు, వాసనకి ఇన్ని, రుచికి ఇన్ని. కాగితం చివర 'సలహా' అని ఒక ఖాళీ గీత. అన్నిటికన్నా ముఖ్యం, జడ్జీలు మింగకూడదు, ఉమ్మాలి.

"దేవుడిచ్చిన ద్రాక్షరసాన్ని ఉమ్ముతమా?" అని సాంసన్‌గారు లేచి నిలబడ్డాడు.

"మింగుకుంట పోతే పదో గ్లాసుకాడ అందరికీ ఫస్టు ప్రైజే ఇస్తరు అంకుల్," అన్నాడు నార్మన్.

అంతకుముందు ఏడాది అలాగే ఇచ్చి ఉన్నారు కనక సాంసన్‌గారు కూర్చున్నాడు. ఉమ్మడానికి పాత్రేదని హాలంతా వెతికారు. నార్మన్ నన్ను ఎత్తి, తిప్పి, లోపలికి చూసి నవ్వాడు. లిల్లీ పూలు బయటికి పోయాయి. ఇంతకాలానికి నన్నెవరో గుర్తుపట్టారు.

ఇత్తడికి నాలుక ఉండదు గాని పులుపు బాగా తెలుస్తుంది. పులిసింది తగిలితే ఒళ్ళంతా పచ్చగా కిలుం పడుతుంది. ఆ లెక్కన ఆ హాల్లో నాకంటే తెలిసిన జడ్జి లేడు. ఎన్ని రకాలు రుచి చూశానో! ఒకాయన బీట్‌రూట్ వైను సీసా మూత తీసినప్పుడు గోడ మీద బల్లి దబ్బున కిందపడింది. ఇంకొకావిడ అల్లం వైను తాగిన ఒక గాయకుడు క్రిస్మస్ పాట మూడో చరణం మొదలుపెట్టి ఈస్టర్‌దాకా ఆపలేకపోయాడు. అయితే ఒక్క విషయం గమనించాను. మంచి వైను నాదాకా రాదు. జడ్జీలు ఉమ్మినట్టు నటించి మింగేస్తారు. తబితమ్మ వైను అలాంటిది. ఆవిడ గ్లాసు తిరిగినప్పుడల్లా నాకు దక్కేది నాలుగు చుక్కలు, అదీ ఎవరికైనా పొలమారితే.

తబితమ్మ లోకోషెడ్ ఫిట్టర్ జీవరత్నంగారి భార్య. బహుమతి తీసుకుని ఊరుకునే మనిషి కాదు. పోటీ అయిపోగానే నార్మన్‌ని బల్ల దగ్గరే పట్టుకునేది.

"పొగుడుడు బంద్ పెట్టు పిలగా. ఏం తక్కువైందో చెప్పు."

"లవంగం కొంచెం ఎక్కువైంది ఆంటీ."

"గది చెప్పు మరి! నోట్ల బెల్లం పెట్టుకున్నట్టు నవ్వుతవేంది?"

మరుసటి ఏడాదికి లవంగం సరిపోయేది. కానీ అందరూ తబితమ్మలు కారు. ఒకసారి పాటల బృందం నడిపే ఆయన భార్య వైనుకి నార్మన్ సలహా గీత మీద 'కాలిన రబ్బరు వాసన' అని రాశాడు. నిజానికి అతను దయతలిచి రాశాడు, నాకు తగిలింది అంతకన్నా ఘోరం. మరుసటి ఆదివారం పాటల బృందం నోరు విప్పలేదు. కీబోర్డు కూడా అలిగిందన్నారు. ఆ కుటుంబం నార్మన్‌తో మాట్లాడ్డం మానేసి, అతని అక్క పెళ్ళికి వచ్చి భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది. చదివింపులు మాత్రం మర్చిపోకుండా వెనక్కి తీసుకెళ్ళింది. అప్పట్నించి జడ్జీలందరూ సలహా గీత మీద ఒకే మాట రాస్తున్నారు: 'చాలా బాగుంది. వచ్చే ఏడు కూడా ఇట్లాగే చేయగలరు.' అందరూ ఇట్లాగే చేశారు. నాకు ఏటేటా కిలుం పెరిగింది.

తబితమ్మ ఒక వేసవిలో పోయింది. ఆ ఏడు పోటీకి జీవరత్నంగారే సీసా పట్టుకుని వచ్చాడు. జీవితంలో టీ కూడా కాచుకోని మనిషి, జాడీ తానే కడిగి, ద్రాక్ష తానే నలిపాడట. సీసాని బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని జడ్జీల బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ప్రైజు నాకొద్దు," అన్నాడు. "ఆమె చేసినట్టు వస్తలేదు. ఏడనో తప్పు పోతున్న. గదేందో రాయుండ్రి, చాలు. వచ్చే ఏడాదికి సరిచేసుకుంట."

సాంసన్‌గారు సీసా తీసుకుని గ్లాసుల్లో పోసి అంకె వేశాడు. అంకె ఎవరిదో రహస్యంగా ఉండాలన్న నియమం ఇంకా అమల్లోనే ఉంది. ఆ అంకె గ్లాసు చేతికి రాగానే ముగ్గురు జడ్జీలూ ఒకేసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఏడు జడ్జీలు సాంసన్‌గారు, నార్మన్, ఫిలోమినా టీచర్. ముగ్గురూ నోట్లో పోసుకున్నారు. ముగ్గురూ నా మీదికి వంగారు. అంత నిండుగా, అంత తొందరగా ఎవరి వైనూ నాలో పడలేదు.

హాల్లో పాటలు పాడుతుండగా ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు, సరిగ్గా నా మూతి మీద.

"సిర్కా అయింది, ఉత్త వెనిగరు," అన్నాడు నార్మన్. "వడకట్టినాక గాలి తగులుతున్నది. ఊకె మూత తీస్తున్నట్టుండు. గదొక్కటి మానుకుంటే మంచిగైతది. రాస్తున్న."

"ఏం రాస్తవ్?" అన్నాడు సాంసన్‌గారు. "ఇంటామె పోయి ఏడాది నిండలే. నీ వైను సిర్కా అని రాస్తవా? దిల్ ఉన్నదా నీకు?"

"ఆయనే అడిగిండు గదా అంకుల్."

ఫిలోమినా టీచర్ కళ్ళజోడు తుడుచుకుంది. "అందరూ అడుగుతారు నార్మన్. చెప్పినాక నీతోటి ఎవరు మాట్లాడిన్రు? ఆదివారం ఆయన నా పక్క బెంచీ మీదనే కూర్చుంటడు. నేను మొఖం ఎటు తిప్పుకోవాలె?"

"పోనీ మూడో ప్రైజన్నా..." అన్నాడు నార్మన్.

"ఇస్తే ఫస్టే ఇయ్యాలె," అన్నాడు సాంసన్‌గారు. "జాలిల గూడ పిసినారితనమేంది?"

నార్మన్ కలం చేతిలో రెండుసార్లు తిప్పి, వంగి రాశాడు: 'చాలా బాగుంది.' సిరా ఆరకముందే సాంసన్‌గారు కాగితం లాక్కున్నాడు.

మొదటి బహుమతి జీవరత్నంగారికి అని ప్రకటించారు. హాలు చప్పట్లతో ఊగింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బహుమతి నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు. ఒక్కడే వండుకుని ఒక్కడే తినే మనిషి చేతిలో అది చాలా పెద్దగా కనిపించింది.

అందరూ కేకు దగ్గరికి పోయాక ఆయన క్యారియరుతో సహా జడ్జీల బల్ల దగ్గరికి వచ్చాడు. నార్మన్ ఒక్కడే గ్లాసులు సర్దుతున్నాడు. నేను ఇంకా బల్ల మీదే ఉన్నాను, ఆయన వైనుతో సగం నిండి.

"బిడ్డా, నిజం చెప్పు," అన్నాడు. "సిర్కా వాసన వస్తలేదా?"

నార్మన్ గ్లాసు కింద పెట్టాడు. ఆ కుర్రాడి మొహంలో ఒక మాట పైకి వస్తూండడం నాకు కనిపించింది. నా జీవితంలో ఎవరూ ఏదీ ఉమ్మాలని నేను కోరుకోలేదు. ఆ పూట కోరుకున్నాను.

"అంకుల్, వడకట్టినాక మీరు జాడీ మూత..."

"ఆఁ, మూత!" ఆయన మొహం వెలిగింది. "పొద్దున లేస్తనే తీస్త బిడ్డా. మొఖం లోపల్కి పెట్టి కూసుంట. పండుగ ముందర ఆమె కొంగు గట్లనే వాసనొస్తుండె. మూత తీసినంతసేపు ఇంట్ల మనిషున్నట్టే ఉంటది. మల్ల సాయంత్రం ఒకసారి తీస్త. నిద్ర పట్టకపోతే ఇంగోసారి. ఏందో చెప్పబోయినవ్?"

నార్మన్ నోరు మూసుకున్నాడు. వకీలుగారి దగ్గర్నించీ ఎంతోమంది అబద్ధాలు చూశాను. ఎవరూ అంత కష్టపడి ఆడలేదు.

"ఏం లేదంకుల్. జాడీ మంచిదున్నది అంటున్న."

"మరి వైను?"

"మంచిగుంది. ఆంటీ చేసినట్టే ఉంది."

జీవరత్నంగారు క్యారియరు బల్ల మీద పెట్టి, వేలితో పెదవి తడుముకున్నాడు, అక్కడేదో అంటుకున్నట్టు.

"అట్లనా," అన్నాడు. "అయితే తప్పు వైనుల లేదన్నట్టు. నా నాలికె మర్చిపోయింది. ఏడాది గూడ కాలే, మర్చిపోయింది."

నార్మన్ "అట్ల కాదంకుల్" అన్నాడు. ఎట్లానో చెప్పాలంటే మొదటికి రావాలి. రాలేదు. ఆయన క్యారియరు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన తన నోటిని నమ్మడం మానేశాడని హాల్లో కూరగాయల గురించి మాట్లాడుకున్నంత మామూలుగా చెప్పుకున్నారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని గిన్నె పట్టుకుని పక్క క్వార్టరుకి పోయేవాడట. పాలు విరిగాయో లేదో పాలవాణ్ణే అడిగేవాడట. పాలవాడు ఏం చెబుతాడో మీకు తెలుసు. మరుసటి ఏడు ఫిలోమినా టీచర్‌కి కంటి ఆపరేషను అయింది. జడ్జి కుర్చీ ఖాళీ. "ఫస్టు ప్రైజొచ్చినోనివి, నువ్వు గాకపోతే ఎవరు కూసుంటరన్నా?" అని సాంసన్‌గారు జీవరత్నంగారిని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు.

ఆ ఏడు సలోమి అనే కొత్త మనిషి పోటీకి వచ్చింది. నిజానికి కొత్త కాదు. వెనక జీవరత్నంగారి పక్క క్వార్టర్లోనే ఉండేది. తబితమ్మ మంచం పట్టిన చివరి చలికాలం ఆవిడ పడుకుని చెబుతుంటే ఈ పిల్లే జాడీ కలిపింది. తర్వాత భర్తకి కాజీపేట బదిలీ అయి, ఇప్పుడు తిరిగొచ్చింది. ఇదంతా సలోమి కేకు బల్ల దగ్గర ఎవరికో చెబుతుంటే విన్నాను. జడ్జీల బల్ల మీద మాత్రం ఆవిడకి పేరు లేదు, అంకె మాత్రమే.

ఆ గ్లాసు తిరిగింది. సాంసన్‌గారు ఉమ్మడానికి వంగి, ఉమ్మకుండానే లేచాడు. నార్మన్ కూడా మింగేశాడు, మింగి గ్లాసుకేసి చూస్తూ ఉండిపోయాడు. జీవరత్నంగారు గుక్క నోట్లో పోసుకుని కదలకుండా కూర్చున్నాడు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాయి. సాంసన్‌గారు పక్క గ్లాసు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. చివరికి జీవరత్నంగారు సగం మింగి, సగం నోట్లో ఉంచుకునే, తడిసిన గొంతుతో అన్నాడు.

"నార్మన్, గిది ఆమె చేతిది లెక్కనే అనిపిస్తుంది నాకు."

అవును అనాలి. ఒక్క మాట. కానీ ఆ మాట అంటే పోయిన ఏడాది మాట అబద్ధమవుతుంది, చప్పట్లు అబద్ధమవుతాయి, క్యారియరు అబద్ధమవుతుంది. నార్మన్ కాగితం మీద గీతలు సరిచేసుకుంటూ, "మీకెట్ల అనిపిస్తే అట్లనే రాయిండ్రి అంకుల్," అన్నాడు.

ఆయన నవ్వాడు. "నాకనిపిచ్చుడేందిరా. పోయినేడు ఆమెది లెక్క ఉన్నదాన్ని కాదన్న నాలికె ఇది. ఇయ్యాల ఎవరిదో ఆమెదంటున్నది. దీన్ని పట్టుకోని తీర్పు జెప్తే నవ్వుతరు."

నా మీదికి వంగి, మిగిలింది ఉమ్మేశాడు.

ఇత్తడికి తెలుస్తుంది అన్నాను కదా. తెలిసింది. లవంగం సరిపోయింది.

తర్వాత ఆయన సలహా గీత మీద రాశాడు. మిగతా జడ్జీల్లా 'చాలా బాగుంది' అని తేల్చెయ్యలేదు. తనకి ఎవరూ చెయ్యని మేలు ఇంకొకరికి చెయ్యాలని, నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాసేది పైకి చదువుకుంటూ రాయడం ఆయన అలవాటు. "ఘాటు చాలలేదు. వడకట్టిన తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం మూత తీసి గాలి తగలనివ్వాలె. నేను గట్లనే చేసిన. ఫస్టు వచ్చింది."

నార్మన్ చేయి ముందుకి వచ్చి, బల్ల మీద ఆగిపోయింది.

సాయంత్రం సలోమి ఆ కాగితం పట్టుకుని నార్మన్ దగ్గరికి వచ్చింది. బహుమతి రాలేదని బాధేమీ లేదు ఆ మొహంలో. ఒక్క అనుమానం మాత్రం ఉంది.

"అన్నా, తబితాంటీ మూత ముట్టుకుంటే చేతులిరగ్గొడత అనేటిది. గీడ చూస్తే రోజు తీయుమని ఉన్నది. నేనే తప్పు విన్ననా ఏంది?"

నార్మన్ హాలు అవతలికి చూశాడు. అక్కడ జీవరత్నంగారి చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఆయన రెండు చేతులూ గుండ్రంగా పెట్టి, లేని జాడీకి లేని మూత తీసి చూపిస్తున్నాడు. మొహం లోపలికి ఎట్లా వంచాలో కూడా చూపిస్తున్నాడు. తబితమ్మ పోయాక ఆయన నవ్వు అంత పెద్దగా ఎవరూ వినలేదు. ఆడవాళ్ళు శ్రద్ధగా తలలూపుతున్నారు.

"రాసిందెవరో తెలుసా?" అన్నాడు నార్మన్.

"ఎవరు?"

"జీవరత్నం అంకుల్."

"అయ్యో, ఆంటీ వైను సంగతి ఆయనకన్నా ఎవరికి తెలుస్తది!" సలోమి కాగితం మడిచి జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంది. "నేనే తప్పు విన్న. వచ్చే ఏడు ఆయన చెప్పినట్టే చేస్త. చెయ్యనా అన్నా?"

"చెయ్యమ్మా," అన్నాడు నార్మన్.

హాలు ఖాళీ అయింది. వాచ్‌మన్ వచ్చి దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ బల్ల దాకా వచ్చి, నన్ను చంకలో పెట్టుకుని వెనక కుళాయి దగ్గరికి తీసుకుపోయాడు. నాలో బీట్‌రూట్ ఉంది, అల్లం ఉంది, రబ్బరు ఉంది. వాటన్నిటి అడుగున జీవరత్నంగారు ఉమ్మిన ఆ సగం గుక్క ఉంది. అది ఇక ఏ జాడీలోనూ తయారు కాదు. వాచ్‌మన్ నన్ను బోర్లించి, చింతపండు పెట్టి, తామరపూల సందుల్లోకి కూడా వేలు పోనిచ్చి తోమాడు. పనిమంతుడు. ఏమీ మిగల్చలేదు.